కూలి కోరని భక్తి

మంచివారికి కష్టాలెందుకన్న ప్రశ్న ఎంత పాతదో, దానికి తొందరపడి చెప్పే సమాధానాలూ అంత పాతవే. గోదావరిఖని వంటి గని పట్టణంలో ఈ ప్రశ్న గ్రంథాలలో దాగి ఉండదు. వేళ కాని వేళ గని మీద సైరన్ మోగినప్పుడు కార్మికవాడలో ప్రతి గుమ్మం దగ్గరకూ వచ్చి నిలుస్తుంది. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్.ఇ.పి. గనిలోకి ఒక్కసారిగా నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి మరో 10 మంది మరణించారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు బలయ్యారు. బాయి దిగేముందు మైసమ్మకు దండం పెట్టుకునేవారూ, ఇంటి దగ్గర మోకరిల్లి ప్రార్థించి వచ్చేవారూ ఈ ప్రాంతంలో ఒకే దారిన భూగర్భంలోకి దిగుతారు. బొగ్గుపొర ఎవరి మతమూ అడగదు.

ఇటువంటి మరణం సంభవించిన ఇంట రెండు మాటలు తప్పక వినబడతాయి. మనవారు పూర్వజన్మ కర్మ అంటారు. క్రైస్తవ సోదరులు దేవుడు ప్రేమించి తీసుకున్నాడంటారు. చెప్పేవారి మనసులో కల్మషం ఉండదు. కానీ వినే ఇల్లాలి చెవికి ఆ మాటలు ఎలా చేరుతాయో ఒక్క క్షణం ఆలోచించాలి. మొదటి మాట ఆమె భర్తను పాపిని చేస్తుంది. రెండవ మాట, ఆమె బిడ్డలకంటె దేవునికే ఆ మనిషి అవసరం ఎక్కువైందని చెబుతుంది. ఇందులో ఏది ఓదార్పు?

వేదం చదువుకున్న అర్చకుడు ఈ విషయంలో క్రైస్తవుల పవిత్రగ్రంథంలోని యోబు గ్రంథాన్ని ముందుగా చేతిలోకి తీసుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. బొగ్గు నేల మీద నివసించేవానికి అది వింత కాదు. నలభై రెండు అధ్యాయాల ఆ కావ్యంలో ఇరవై ఎనిమిదవ అధ్యాయం సాక్షాత్తు గని పని గురించినది. మనుషులు సంచరించే చోటికి దూరంగా సొరంగం తవ్వడం, చీకటికి హద్దు పెట్టడం, తాళ్ళకు వేలాడుతూ ఊగడం, డేగ కంటికి కూడా కనబడని దారిలో నడవడం, కొండలను వేళ్ళతో సహా పెకలించడం అన్నీ అందులో ఉన్నాయి. భూగర్భంలో ఊటలు చొరబడకుండా కట్టివేయడం కూడా ఆ కవి దృష్టిని దాటిపోలేదు. 2003 తరువాత ఆ మాట చదివిన గోదావరిఖనివాసికి గుండె కలుక్కుమనక మానదు. ఇంత వర్ణించి ఆ కవి అడిగే ప్రశ్న ఒక్కటే: వెండి దొరికే చోటు, ఇనుము దొరికే చోటు మనిషికి తెలిసింది, మరి జ్ఞానం దొరికే చోటు ఎక్కడ? అగాధమూ సముద్రమూ తమ దగ్గర లేదనే చెబుతాయి.

యోబు కథ చాలామందికి తెలిసినదే. ఊజు దేశంలో నీతిమంతుడు. ఏడువేల గొర్రెలు, మూడువేల ఒంటెలు, ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. అన్నీ ఒక్కనాడే పోయాయి, తరువాత ఆరోగ్యమూ పోయింది. అతడు చేసిన పాపం లేదని గ్రంథమే ఆరంభంలో స్పష్టంగా చెబుతుంది. అసలు వివాదం పరలోకంలో మొదలయింది. ప్రతిఫలం ముడుతున్నది కాబట్టే యోబు భక్తుడిగా ఉన్నాడని అపవాది ఆక్షేపించాడు. భక్తి బేరమా, కాదా అన్నదే అక్కడ పరీక్షకు వచ్చిన విషయం.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. అరణ్యపర్వంలో, నన్నయ భట్టారకుడు తెనిగించిన భాగంలోనే, రాజ్యం పోగొట్టుకుని అడవిపాలైన ధర్మరాజును ద్రౌపది నిలదీస్తుంది. ధర్మాన్ని కాపాడినవారిని ధర్మం కాపాడుతుందని విన్నాను, నిన్నెందుకు కాపాడలేదని ఆమె వేదన. విధాత ప్రాణులను కొయ్యబొమ్మలవలె ఆడిస్తున్నాడని కూడా ఆమె నోట వస్తుంది. ధర్మరాజు ఆమెను మందలిస్తాడు, ఆ మాటలలో నాస్తికత్వం ఉందంటాడు. అయితే తన విషయంలో మాత్రం, ఫలం కోసం తాను ధర్మం ఆచరించడం లేదనీ, ధర్మాన్ని వర్తకం చేసేవాడు అధముడనీ చెబుతాడు. కర్మలు ఎప్పుడు ఎలా పండుతాయన్నది దేవరహస్యమని కూడా అంగీకరిస్తాడు. సాక్షాత్తు యమధర్మరాజు పుత్రుడే రహస్యమని ఒప్పుకున్న విషయాన్ని మనం చావుల ఇంట అరుగు మీద కూర్చుని విప్పి చెప్పగలమా? నా మటుకు నాకు ఆ సంవాదంలో ద్రౌపది ఓడిపోయిందని అనిపించదు. వ్యాసమహర్షి ఆమె ప్రసంగాన్ని ఒక్క మాట తగ్గించకుండా నిలిపి ఉంచాడు.

కర్మ సిద్ధాంతాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. అది ఎవరికి వారు తమ నడతను దిద్దుకోవడానికి ఉన్న సిద్ధాంతం, ఎదుటివాని ఏడుపును కొలవడానికి పెట్టిన తూనిక కాదు. ఆదిపర్వంలో మాండవ్యుని కథ ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. చేయని దొంగతనానికి ఆ మహర్షిని శూలానికి ఎక్కించారు. ఏ పాపానికి ఈ శిక్ష అని ఆయన యమధర్మరాజును అడిగితే, పసితనంలో చిన్న పురుగులను పుల్లతో పొడిచిన ఫలమన్నాడు. మాండవ్యుడు తల వంచి సరేననలేదు. ఇంత చిన్న తప్పుకు అంత పెద్ద శిక్ష అన్యాయమని యముణ్ణే శపించాడు. పద్నాలుగేళ్ళ లోపు చేసినది పాపంగా లెక్కకు రాకూడదని కట్టడి చేశాడు. ఆ శాపం వల్లనే యముడు విదురుడై పుట్టాడు. కర్మ లెక్కలు రాసే అధిపతినే ఆ లెక్క తప్పని నిలదీసిన ఋషి మన సంప్రదాయంలో పూజ్యుడు.

యోబు దగ్గరకు వచ్చిన ముగ్గురు మిత్రులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు. వారు మొదట ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు. ఆ గ్రంథంలో వారు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అధ్యాయాల తరబడి వారు చెప్పినది ఒకటే: ఏదో పాపం చేసి ఉంటావు, లేకుంటే ఇలా జరగదు. వారి మాటలు దేవుణ్ణి సమర్థించేవి, శాస్త్రబద్ధమైనవి, వినడానికి భక్తిగా ఉన్నవి. చివరకు దేవుడు ఎవరి మీద కోపించాడు? తనను సమర్థించిన వారి మీద. తనతో వాదించిన యోబే తన గురించి సరిగా మాట్లాడాడని తీర్పు చెప్పి, ఆ ముగ్గురి కోసం యోబును ప్రార్థించమన్నాడు. యోబు ఓర్పుకు మారుపేరని మనం వింటూ ఉంటాం. మూడవ అధ్యాయం నుండి చదివితే అతడు పుట్టిన దినాన్ని శపించుకున్నాడు, దేవుణ్ణి న్యాయస్థానానికి పిలిచాడు. అతని ఓర్పు నోరు మూసుకున్న ఓర్పు కాదు.

యేసుక్రీస్తు ముందుకూ ఇదే ప్రశ్న వచ్చింది. యెరూషలేములో సిలోయము దగ్గర గోపురం కూలి 18 మంది మరణించిన సంగతి లూకా సువార్త పదమూడవ అధ్యాయంలో ఉంది. చనిపోయినవారు ఆ నగరంలో మిగిలినవారికంటె పాపులా అంటే, కానే కాదని ఆయన చెప్పాడు. ఆ వెంటనే బ్రతికి ఉన్నవారినే మారుమనస్సు పొందమని హెచ్చరించాడు. వేలు మృతుల వైపు చూపకుండా వినేవారి వైపు తిప్పాడన్నమాట. పుట్టుగ్రుడ్డివాని విషయంలో తప్పు అతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగినప్పుడు కూడా ఇద్దరిదీ కాదన్నాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పక తప్పదు. దేవుని సంకల్పాన్ని నమ్మడం వేరు, మనుషుల బాధ్యతను దేవుని సంకల్పం కింద కప్పిపెట్టడం వేరు. నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వరాదని, ముందుగా బోరు రంధ్రాలు వేసి చూసుకోవాలని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలలోనే ఉంది. అయినా 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చాస్‌నాలా గనిని నీరు ముంచెత్తి 375 మంది చనిపోయారు. గనిలో నీటి లెక్క, పైకప్పు లెక్క చూడవలసింది సర్వేయరు, ఓవర్‌మెన్, మేనేజరు. విచారణ జరగవలసిన చోట వేదాంతం చెప్పకూడదు.

మన తెలుగునాట ఈ తేడాను ఎరిగి రాసిన కవి గుర్రం జాషువా. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, కులం పేరిట అవమానాలు పడి, పౌరాణిక వస్తువులు తీసుకున్నందుకు స్వమతస్థుల నుండీ నిరాదరణ ఎదుర్కొన్న మనిషి ఆయన. 1941లో వెలువడిన గబ్బిలం కావ్యంలో, గుడిలోకి రానివ్వని ఒక పేదవాడు తన మొరను కాశీ విశ్వేశ్వరునికి చేరవేయమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. ఎందుకంటే ఆలయంలోకి ఆ పక్షికి అడ్డు లేదు, అతనికి ఉంది. ఆ తలుపు మూసినది విశ్వేశ్వరుడు కాదని కవికి తెలుసు. అందుకే మొర ఆయనకే పంపాడు. అర్చకవృత్తిలో ఉన్నవారందరూ చదవవలసిన కావ్యమది. ఆ కవికే క్రీస్తు చరిత్ర కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

మొర పెట్టడం అవిశ్వాసం కాదు. రామగుండం దాటిన గోదావరి దిగువన భద్రాచలం చేరుతుంది. అక్కడ రామాలయం కట్టించి గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు మగ్గిన కంచెర్ల గోపన్న తన కీర్తనలలో రాముణ్ణి ఎంతగా నిష్ఠూరాలాడాడో తెలియని తెలుగువాడు ఉండడు. చేయించిన నగల ఖర్చు లెక్కలు చెప్పి మరీ దెప్పాడు. అయితే ఆ దెప్పడమంతా రామునితోనే, మరొకరితో కాదు. రాముడు వినడం లేదనుకున్నవాడు రామునితో పోట్లాడడు. యోబు కూడా అంతే. మిత్రులు దేవుని గురించి మాట్లాడారు, యోబు దేవునితో మాట్లాడాడు. నమ్మకమన్న మాటకు నాకు తోచే అర్థం ఇదే: కారణం తెలియకపోయినా సంభాషణ తెగిపోనివ్వకపోవడం.

చివరకు సుడిగాలిలో నుండి దేవుడు పలికాడు. యోబు అడిగిన దానికి జవాబు మాత్రం చెప్పలేదు. భూమికి పునాది వేసిన నాడు, సముద్రానికి గడియలు బిగించిన నాడు యోబు ఎక్కడున్నాడని వరుసగా ఎదురు ప్రశ్నలే వేశాడు. పరలోకంలో అపవాది వేసిన ఆక్షేపణ పాఠకులమైన మనకు తెలుసు, కథ ముగిసేవరకూ యోబుకు తెలియజేసినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు. తన కష్టానికి కారణం తెలియకుండానే అతడు శాంతించాడు. చెవితో విన్న దేవుణ్ణి ఇప్పుడు కంటితో చూశానన్న తృప్తి ఒక్కటే అతనికి మిగిలినది. మనవారు దర్శనమనేది కూడా దీనినే.

పోయిన మందలు రెట్టింపయి తిరిగి వచ్చాయి. బిడ్డలు మాత్రం రెట్టింపు కాలేదు, మళ్ళీ పదిమందే. మొదటి పదిమంది దేవుని సన్నిధిలో ఉన్నారు కాబట్టి లెక్క రెట్టింపే అయిందని క్రైస్తవ వ్యాఖ్యాతలు కొందరు చెబుతారు. అది విశ్వాసానికి సంబంధించిన మాట, అందులో తీపి ఉంది. అంతకంటె నన్ను ఆకర్షించినది, అదే అధ్యాయంలో చాలామంది గమనించకుండా దాటిపోయే ఒక చిన్న వాక్యం. దైవదర్శనం అయ్యాక, మిత్రుల వాదాలు తప్పని తేలాక కూడా యోబు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పూర్వపు పరిచయస్థులు అతని ఇంటికి వచ్చారు. అతనితో కలిసి భోజనం చేశారు, దుఃఖాన్ని పంచుకుని ఓదార్చారు. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరు ఒక వెండి నాణెం, ఒక బంగారు ఉంగరం అతని చేతిలో పెట్టారు.