క్యాజువాలిటీలో మద్యపాన రోగి

రాత్రివేళ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తెలివి తప్పిన మనిషి నొకనిని మోసికొని వత్తురు. నోట సారా వాసన కొట్టుచుండును. ‘త్రాగి పడిపోయినాడు’ అని వెంట వచ్చినవారందురు. ఆ మాట నమ్మి, మైకము దిగువరకు ఒక మూల పరుండబెట్టినచో ప్రాణము పోవచ్చును. పడినపుడు తలకు దెబ్బ తగిలి కపాలములోపల నెత్తురు చేరుచుండవచ్చును. చిరకాలము త్రాగినవారి మెదడు కుంచించుకొనిపోవుటచేత అచటి సిరలు చిన్న దెబ్బకే తెగును. లేదా, అన్నము మాని త్రాగుటచే రక్తములో చక్కెర పడిపోయి యుండవచ్చును. దీనిని కనుగొనుటకు వ్రేలి కొననుండి ఒక బొట్టు నెత్తురు చాలును.

ఇవి త్రాగుటవలన వచ్చు ఆపదలు. మానుటవలన వచ్చు ఆపద అంతగా ఎవరికిని తెలియదు. ప్రతిదినము విస్తారముగా త్రాగువాడు హఠాత్తుగా మానినచో తొలి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు చేతులు వణకును, చెమటలు పోయును, జ్వరము తగులును, లేని పురుగులు గోడమీద ప్రాకుచున్నట్లు తోచును. 1813లో థామస్ సట్టన్ అను ఆంగ్ల వైద్యుడు దీనికి ‘డెలీరియమ్ ట్రెమెన్స్’ అని పేరిడెను. చికిత్స లేనిచో ఇది చంపగలదు. కాలు విరిగి చేరినవాడు మూడవనాడు ఇట్లు కేకలు వేసినచో దయ్యము పట్టినదని తాయెత్తు తెచ్చువారును కలరు. 2020 మార్చి చివర, లాక్‌డౌన్‌లో మద్యపు దుకాణములు మూతపడిన కొలది దినములకే, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు ఇట్టి రోగులు పెక్కుమంది వచ్చిరి.

వీనికంటె మోసకరమైనది వెర్నికే వ్యాధి. 1881లో జర్మను వైద్యుడు కార్ల్ వెర్నికే ముగ్గురు రోగులయందు దీనిని వర్ణించెను. ఇద్దరు త్రాగుబోతులు, మూడవ రోగి గంధకామ్లము మ్రింగి, ఎడతెగని వాంతులతో కృశించిన యువతి. కారణము థయమిన్, అనగా బి-1 విటమిన్ లోపము. ఒకప్పుడు ఉత్తర సర్కారులను పీడించిన బెరిబెరియు ఈ లోపమువలననే కలిగెడిది. కనుగ్రుడ్ల కదలిక చెడుట, నడక తూలుట, మతి తడబడుట దీని గుర్తులు. త్రాగినవాడును తూలును, తడబడును. కనుకనే ఇది తరచు కంటబడక పోవును. థయమిన్ సూదిమందు ఖరీదైనది కాదు. ఆలస్యమైనచో మాత్రము పోయిన జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చును.

వైద్యకళాశాలలో కాలేయమును ఒకరు, మూర్ఛలను వేరొకరు, మనోవ్యాధులను ఇంకొకరు బోధింతురు. రోగి మాత్రము అన్నిటిని ఒక్క దేహమున మోసికొని వచ్చును. మన దేశమున అత్యవసర వైద్యము ప్రత్యేక శాఖగా గుర్తింపబడినది 2009లోనే. 2019లో వచ్చిన నూతన వైద్యవిద్యా ప్రణాళికలో మద్యపాన రుగ్మతలు మానసిక వైద్యమున చేరియున్నవి. అది మంచిదే, కాని మా అభిప్రాయమున ఈ పాఠము క్యాజువాలిటీ మంచము ప్రక్కన, హౌస్ సర్జను చేత రోగిని ప్రశ్నింపజేయుచు చెప్పవలసినది. దినమునకెంత, చివర ఎప్పుడు అను రెండు ప్రశ్నలను ఏవగింపు ధ్వనింపకుండ అడుగుట గ్రంథములు చదివినందున వచ్చునది కాదు.

ఇంటివారును సిగ్గుచేత ఈ సంగతి దాచుచుందురు. ఎముక విరిగినను, శస్త్రచికిత్సకైనను, చేర్చిననాడే ఆ లెక్క చెప్పవలెను. చివరిసారి త్రాగిన దినమును, వేళను తెలిపినచో వణుకు మొదలు కాకమునుపే వైద్యుడు మందు నారంభింపగలడు.