తోక మీద గుర్తు

పోయిన వేసవిలో మేమిద్దరం అమెరికాలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళాము. మనవడికి బడి సెలవులు. ఒకరోజు అల్లుడు మమ్మల్నందరినీ కారులో ఎక్కించుకుని, బోస్టన్‌కు రెండు గంటల దూరంలో మెయిన్ రాష్ట్రంలో ఉన్న పోర్ట్‌లాండ్ రేవుకు తీసుకువెళ్ళాడు. అక్కడ లాబ్‌స్టర్లు పట్టే కొన్ని పడవలు, టికెట్టు కొన్నవారిని కూడా వేటకు తీసుకువెళతాయి.

లాబ్‌స్టర్ అంటే రొయ్యకు పెద్దన్న వంటిది. ఒళ్ళంతా గట్టి పెంకు. ముందు పీతకున్నట్లు రెండు పెద్ద డెక్కలు. మన సముద్రంలో దొరికే రకానికి ఆ డెక్కలుండవు.

పడవ రేవు దాటగానే నీటి మీద వందల కొద్దీ రంగురంగుల బెండ్లు కనిపించాయి. ఒక్కొక్క జాలరిది ఒక్కొక్క రంగుల వరస. అదే వరస అతని పడవ మీద కూడా కనపడాలి. ఒకరి బోనును మరొకరు ముట్టుకోకూడదు. ఒక్కొక్కరు 800 బోనులకు మించి వేయకూడదు.

పడవ యజమాని యంత్రంతో తాడు లాగి మొదటి బోనును పైకి తీశాడు. అది తీగతో అల్లిన పెట్టె. లోపల రెండు గదులు. ఎర ఉండే గదిని వాళ్ళు వంటిల్లు అంటారు, రెండవదాన్ని సావిడి అంటారు. వంటింట్లో తిని సావిట్లోకి వెళ్ళిన లాబ్‌స్టర్ మళ్ళీ బయటపడడం కష్టం. కాని పిల్లలు జారిపోవడానికి సావిడికి ఒక చిన్న కిటికీ పెట్టారు. తాడు తెగి బోను అడుగునే ఉండిపోతే, కొంతకాలానికి దానంతటదే చివికి తెరుచుకునే పలక కూడా ఒకటి ఉంది. లోపల చిక్కిన ప్రాణులు అనవసరంగా చావకూడదని ఈ ఏర్పాటు.

ఆ బోనులో మూడు లాబ్‌స్టర్లున్నాయి. ఆయన ఒక లోహపు కొలత తీసి, కంటి గుంట నుండి వీపు పెంకు చివరి వరకు కొలిచాడు. 3¼ అంగుళాలకు తక్కువైతే సముద్రంలోకే. 5 అంగుళాలు దాటినా సముద్రంలోకే, ఎందుకంటే పెద్దవే ఎక్కువగా గుడ్లు పెట్టి సంతతిని నిలుపుతాయి. పట్టదగిన కొలతకు ఎదగడానికి ఒక లాబ్‌స్టర్‌కు సుమారు ఏడేళ్ళు పడుతుంది. మూడింటిలో ఒక్కటే మిగిలింది. దాని డెక్కలకు రబ్బరు బ్యాండ్లు వేసే పని మా మనవడికి ఇచ్చాడు. అయినా రెండు పోయాయని వాడి ముఖం చిన్నబోయింది.

రెండవ బోనులో మంచి కొలతగల ఆడది వచ్చింది. తోక కింద నల్లని పూసల్లాగా వేల గుడ్లు. ఆ తల్లి వాటిని దాదాపు సంవత్సరం పాటు అలాగే మోస్తుందట. ఆయన దాని తోక రెక్కలో ఒకదాని అంచున చిన్న గాటు పెట్టి, విసిరివేయకుండా వంగి మెల్లగా నీటిలో విడిచాడు. ఆ గాటు కనబడినంత కాలం, గుడ్లు లేని సమయంలో చిక్కినా సరే, ఎవరూ దాన్ని ఉంచుకోకూడదు.

"తాతయ్యా, ఇక్కడ ఎవరూ చూడడం లేదుగా?" అన్నాడు మనవడు. అల్లుడు ఆ మాట ఆయనకు చెప్పాడు.

ఆయన నవ్వి, "తనిఖీ అధికారులున్నారు, జరిమానా ఉంది. కాని గాటున్న తల్లులు నా బోనుల్లో ఎన్నోసార్లు పడ్డాయి. ఆ గాటు ఎవరు పెట్టారో నాకు తెలియదు. వాళ్ళు వదిలారు కనుకనే ఈ రోజు నాకు పని ఉంది" అన్నాడు.

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. 1990ల మొదట్లో మా ప్రాంతమంతా రొయ్యల చెరువులు తవ్వుతుంటే, మేమూ రెండెకరాల వరిచేను చెరువు చేశాము. ఉప్పుటేటిలో సన్నటి వలలతో పట్టిన పిల్లను గట్టున కూర్చుని మేమే ఏరేవాళ్ళం. టైగర్ రొయ్య పిల్లను బిందెలో వేసుకుని, మిగిలిన చేపపిల్లలను, పీతపిల్లలను ఇసుకలో పారబోసేవాళ్ళం. ఏరిన వాటికంటే పారబోసినవే ఎక్కువ. నాలుగడుగులు వేస్తే ఏరు. తిరిగి నీళ్ళలో పోయాలన్న ఆలోచనే మాకు రాలేదు. తర్వాత తెగులు వచ్చి చెరువు పోయింది. ఏటిలో ఒకప్పటి చేప ఇప్పుడు లేదు. అంతా మావల్లే అనము గాని, అందులో మా చేతి పాలు కూడా ఉంది.

గూటిలో పిల్లలతో ఉన్న తల్లిపక్షిని పట్టుకోక విడిచిపెట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఎన్నిసార్లు చదివామో! అది ఉప్పుటేటి గట్టుకు కూడా వర్తిస్తుందని ఆ పడవ మీదనే మాకు తోచింది.

నియమం పాటిస్తే కష్టాలుండవని కాదు. మెయిన్‌లో 2016లో 13 కోట్ల పౌండ్లకు పైగా లాబ్‌స్టర్లు పడ్డాయి. ఆ తర్వాత పట్టుబడి తగ్గింది. అక్కడి సముద్రం వేడెక్కడం వారికి పెద్ద దిగులు. అయినా వారు గాటు పెట్టడం మానలేదు. మన తీరంలోనూ ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట ఆపుతారు. ఆ 61 రోజులు జాలరి ఇంట్లో ఎంత ఇబ్బందో మనకు తెలుసు. చేప గుడ్లు పెట్టే కాలమని ఆ ఇబ్బంది ఓర్చుకుంటున్నారు.

ఇంటికి వచ్చిన వారానికి, మా వీధి పిల్లలిద్దరు దోమతెరతో కాలువలో చేపపిల్లలు పడుతూ కనిపించారు. గట్టున కూర్చుని వారికి ఈ కథంతా చెప్పాము. ఆకు అంచు చింపి, గాటు ఎలా ఉంటుందో చూపించాము. పెద్దవాడు నవ్వి ఊరుకున్నాడు. చిన్నవాడు మాత్రం కాసేపు చెంబులోకి చూసి, లేచి వెళ్ళి దాన్ని కాలువలో వంచాడు.