వినికిడి పరీక్షకు వెళ్తున్నారా? బుజ్జాయి నిద్ర మీ చేతిలోనే!

పొద్దున్నే బిడ్డను తీసుకుని బయలుదేరతారు. దారి పొడవునా హాయిగా నిద్రపోయిన బాబు, తీరా పరీక్ష గదిలోకి వచ్చేసరికి కళ్లు విప్పార్చి కూర్చుంటాడు. ఇక పరీక్ష వాయిదా! మా ఆస్పత్రిలో తరచూ చూసేదే ఇది. మాటలు నేర్చే వయసులో ఒక్కో నెలా విలువైనదే. కాస్త ముందుచూపు ఉంటే ఈ జాప్యాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు.

నిద్రలోనే ఎందుకు?

పసిపిల్లలకు ఎక్కువగా చేసేది 'బెరా' పరీక్ష. నుదుటి మీద, చెవుల వెనుక ఎలక్ట్రోడ్లు అతికించి చెవిలో శబ్దాలు వినిపిస్తారు. వాటికి వినికిడి నరం ఎలా స్పందిస్తోందో యంత్రం నమోదు చేస్తుంది. సూది గుచ్చరు, నొప్పి ఉండదు. కానీ బిడ్డ కదిలినా, ఏడ్చినా ఫలితం సరిగా రాదు.

ఇలా సిద్ధం చేయండి

* ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, ఉదయం త్వరగా లేపండి. దారిలో నిద్రపోనివ్వకండి.
* తలంటు పోసి తీసుకురండి. నూనె రాయొద్దు. జిడ్డుంటే ఎలక్ట్రోడ్లు అతుక్కోవు.
* అక్కడికి చేరాక పాలు పట్టి జోకొట్టండి. నిద్రమందు ఇస్తామని చెబితే మాత్రం పాలు, ఆహారం ఎన్ని గంటల ముందు ఆపాలో అడిగి తెలుసుకోండి.
* నిద్ర కోసం ఇంట్లో దగ్గు సిరప్ పట్టడం ప్రమాదకరం.
* జలుబు, చెవి కారడం ఉంటే ముందే చెప్పండి.

మూడేళ్లు దాటితే ఆటే పరీక్ష

ఈ వయసు పిల్లలకు హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినగానే ఒక దిమ్మను డబ్బాలో వేయమంటారు. ఇంట్లోనే గిన్నె మీద చెంచాతో కొడుతూ ఈ ఆట ఆడించండి. అలవాటయ్యాక వెనక నుంచి కొట్టండి. పరీక్ష గదిలో మాత్రం సైగలు చేయకండి. 'అల్లరి చేస్తే డాక్టర్ సూది వేస్తారు' అని అసలే బెదిరించొద్దు.

'తలుపు చప్పుడుకు తిరుగుతున్నాడుగా', 'వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే' అనుకుంటూ ఆగకండి. పెద్ద చప్పుళ్లు వినిపించినా మాటలు స్పష్టంగా వినపడని పిల్లలుంటారు. మూడు నెలల్లోపు లోపాన్ని నిర్ధారించి, ఆరు నెలల్లోపు చికిత్స మొదలుపెట్టడం మేలు. ఆ వయసు దాటిపోయినా దిగులొద్దు. ఈ వారమే పరీక్షకు తేదీ తీసుకోండి.