శాటిలైట్ మ్యాప్‌లో నేల, ఎదురుగా నీళ్లు: డొంకేశ్వర్ బ్యాక్‌వాటర్‌కి ఫోన్ ఎలా రెడీ చేయాలి

అవుట్‌డోర్ గ్యాడ్జెట్ల రివ్యూ ఏది ఓపెన్ చేసినా టెస్టింగ్ అంతా ఆల్ప్స్‌లోనే జరుగుతుంది. మంచు, కొండ అంచు, మైనస్ పది డిగ్రీలు, పక్కన ఒక స్మార్ట్‌వాచ్. చూడ్డానికి బాగుంటుంది. కానీ మనలో ఎక్కువమంది ఆ ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లేది మ్యాటర్‌హార్న్‌కి కాదు. ఆదివారం పొద్దున్నే బైక్ తీసి, ఆర్మూర్ నుంచి పసుపు చేల మధ్య రోడ్డు పట్టుకుని డొంకేశ్వర్ వైపు, శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్‌కి. అక్కడ ఫోన్‌కి ఎదురయ్యే సమస్యలు పూర్తిగా వేరు. అందులో ఒకటి ప్రాణాల మీదికి తెచ్చేది, దాని గురించి ఏ రివ్యూలోనూ ఉండదు.

డొంకేశ్వర్ దగ్గర గోదావరి అంచు ఒక చోట నిలబడదు. ప్రాజెక్టు నిండితే నీళ్లు చేల దాకా వస్తాయి. ఎండాకాలం వెనక్కి వెళ్లిపోతే పచ్చిక మైదానం, ఒండ్రు బురద, మునిగిపోయిన పాత ఊళ్ల ఆనవాళ్లు బయటపడతాయి. మీ ఫోన్‌లోని శాటిలైట్ వ్యూ మాత్రం ఏదో ఒక రోజు తీసిన ఫొటో. ఆ రోజు ఏప్రిల్‌ది అయితే మీకు బైక్ వెళ్లేంత మైదానం కనిపిస్తుంది, మీరు వెళ్లింది అక్టోబర్ అయితే అదే చోట నిలువు లోతు నీళ్లుంటాయి. స్క్రీన్ కింద కాపీరైట్ పక్కన కనిపించే సంవత్సరం ఫొటో తీసిన తేదీ కాదు, చాలామంది అదే అనుకుంటారు. అసలు తేదీ కావాలంటే కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి చూడాలి.

ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయనకి నా స్క్రీన్ చూపించి దారి అడిగితే, ఆయన స్క్రీన్ చూడనే లేదు. "గా ఫోన్ల నీళ్లు ఏడిదాక అచ్చినయో సూపెడ్తదా బిడ్డా?" అన్నాడు. చూపెట్టదు. కానీ చూపించేలా చేయొచ్చు, రూపాయి ఖర్చు లేకుండా.

ముందు అడుగుల లెక్క

శ్రీరాంసాగర్ పూర్తి నీటిమట్టం 1091 అడుగులు, అంటే సముద్ర మట్టానికి 332.5 మీటర్లు. ఈరోజు ఎన్ని అడుగులున్నాయో వానాకాలంలో పేపర్లో రోజూ వస్తుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఇది, 42 గేట్లు. పైన మహారాష్ట్రలో బాబ్లీ బ్యారేజీ ఉంది. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం దాని గేట్లు జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా ఎత్తి ఉంచాలి. కాబట్టి మన దగ్గర చినుకు పడకపోయినా, ఎగువన వాన కురిస్తే ఆ నాలుగు నెలల్లో డొంకేశ్వర్ దగ్గర అంచు ముందుకు జరుగుతుంది. ఫోన్‌లో వెదర్ యాప్ ఎండ చూపిస్తోందని ధైర్యపడటం ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు చిన్న లెక్క. మట్టం 1091 నుంచి 1070కి దిగితే తేడా 21 అడుగులు, నిలువుగా ఆరున్నర మీటర్లు కూడా లేదు. కానీ ఒడ్డు చాలా చదును. ఒక మీటర్ దిగడానికి 200 మీటర్లు నడవాల్సినంత వాలు అనుకుంటే, అంచు 1.3 కిలోమీటర్ల దూరం జరిగినట్టు. వారం కింద మీ ఫ్రెండ్ షేర్ చేసిన లొకేషన్ పిన్ ఈ వారం నీళ్లలో ఉండొచ్చు.

మరి ఫోన్‌లో ఎత్తు చూసి 332 మీటర్ల పైనే ఉన్నాం, సేఫ్ అనుకోవచ్చా? అస్సలు వద్దు. జీపీఎస్ లెక్కించే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, భూమికి గణితంగా గీసిన ఒక నున్నటి ఆకారం నుంచి. మన ప్రాంతంలో ఈ రెండింటికీ తేడా సుమారు 70 మీటర్లు. అందుకే కొన్ని యాప్‌లు శ్రీరాంసాగర్ ఒడ్డున 260 అని చూపిస్తాయి, కొన్ని సరిచేసి 330 చూపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో సముద్ర మట్టం ఎత్తుని విడిగా ఇచ్చే ఫంక్షన్ ఆండ్రాయిడ్ 14తోనే వచ్చింది, అన్ని యాప్‌లూ దాన్ని వాడవు. దీనికి తోడు నిలువు దిశలో జీపీఎస్ తప్పు అడ్డం దిశ కన్నా ఎక్కువ. బారోమీటర్ ఉన్న ఫోన్ కొంచెం నయం, కానీ గాలి పీడనం ఒక్క హెక్టోపాస్కల్ మారితే ఎత్తు 8 మీటర్లకు పైగా మారినట్టు చూపిస్తుంది. మధ్యాహ్నం ఒక మబ్బు పట్టినా లెక్క తప్పుతుంది.

కాంటూర్ లైన్ల సంగతి ఇంకా తమాషా. చాలా ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్‌లు గీసే కాంటూర్లకు మూలం 2000 ఫిబ్రవరిలో నాసా స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో చేసిన సర్వే. రాడార్‌కి నీటి కింద నేల కనిపించదు. ఆ వారం ఎక్కడిదాకా నీళ్లున్నాయో అక్కడిదాకా మీ యాప్‌లో బల్లపరుపు, అంతే.

ఐదు రోజుల కిందటి ఫొటో

పని చేసే పద్ధతి ఇది. ఫోన్ బ్రౌజర్‌లో కోపర్నికస్ బ్రౌజర్ అని వెతకండి. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల ఫొటోలు ఉచితంగా చూడొచ్చు. ఒక పిక్సెల్ అంటే నేల మీద 10 మీటర్లు. గూగుల్ వ్యూ అంత షార్ప్‌గా ఉండదు, మనిషి కాదు కదా బస్సు కూడా కనిపించదు. కానీ దాదాపు ఐదు రోజులకోసారి కొత్త ఫొటో, దాని మీద తేదీ ఉంటుంది. మనకి కావాల్సింది ఆ తేదీయే. వానాకాలం మబ్బులు అడ్డొస్తే అదే సైట్‌లో సెంటినెల్-1 రాడార్ లేయర్ పెట్టండి, రాడార్‌కి మబ్బు అడ్డం కాదు. నీళ్లు నల్లగా కనిపిస్తాయి.

ఆ స్క్రీన్‌షాట్ ఫోన్‌లో దాచుకుని, ఇంట్లో వైఫై మీదే ఓస్మ్యాండ్ లేదా ఆర్గానిక్ మ్యాప్స్‌లో తెలంగాణ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్ కూడా బాగుంటుంది కానీ అందులో శాటిలైట్ ఫొటో డౌన్‌లోడ్ అవ్వదు, రోడ్లు మాత్రమే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే యాప్‌లలో ఇంకో లాభం, చేల మధ్య డొంకల్ని మనమే కలపొచ్చు. ఊరి పేరులోనే డొంక పెట్టుకున్న చోట ఒక్క డొంకా మ్యాప్‌లో లేకపోతే ఏం బాగుంటుంది చెప్పండి!

ఎన్ని చేసినా బురద మాత్రం ఏ ఉపగ్రహానికీ తెలియదు. నీళ్లు ఈమధ్యే వదిలిన నేల పైన ఎండి పగుళ్లు వచ్చి గట్టిగా కనిపిస్తుంది, కింద మెత్తగా ఉంటుంది. పశువుల గిట్టల గుర్తులు లేని చోటికి బైక్ దించొద్దు. ఈ విషయంలో వల పెద్దాయన మాటే ఫైనల్.

గుట్ట మీద జీపీఎస్ ఎందుకు ఎగురుతుంది

బ్యాక్‌వాటర్ దగ్గర ఆకాశం మొత్తం ఓపెన్, జీపీఎస్‌కి పండగ. అదే ఫోన్‌తో ఆర్మూర్ నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కి చూడండి. తొమ్మిది మంది సిద్ధుల వల్ల ఆరు, మూడు కలిపి "ఆరుమూరు" అయి ఆర్మూర్ అయిందని మనవాళ్లు చెప్పుకునే గుట్ట. బండల మధ్య ఇరుకు దారులు, గుహలో గుడి. అక్కడ మీ నీలం చుక్క అటూ ఇటూ గెంతుతుంది. సిగ్నల్ నేరుగా రాకుండా రాతికి తగిలి తిరిగి వస్తుంది, ఫోన్ ఆ దారి పొడవునే దూరం అనుకుంటుంది.

ఇక్కడ స్పెక్ షీట్‌లో వెతకాల్సింది డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్, అంటే ఎల్1తో పాటు ఎల్5. ఎల్5 కోడ్ వేగం పది రెట్లు ఎక్కువ, కాబట్టి అసలు సిగ్నల్‌నీ రాతికి తగిలి వచ్చినదాన్నీ ఫోన్ మెరుగ్గా విడదీస్తుంది. బాక్స్ మీద నావిక్ అని ఉంటే అది బోనస్ అనుకోండి, అదొక్కటే చూసి కొనకండి. మీ ఫోన్‌లో నిజంగా ఎల్5 వస్తోందో లేదో జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. కొన్ని బడ్జెట్ ఫోన్లలో కంపాస్ సెన్సార్ కూడా ఉండదు, నిలబడి ఉంటే ఎటు చూస్తున్నామో ఫోన్‌కే తెలియదు. ఇరవై వేల లోపు ఫోన్ కొనేటప్పుడు 108 మెగాపిక్సెల్ కన్నా నేను ముందు ఈ రెండే చూస్తాను.

ఆ బండల్ని తక్కువ అంచనా వేయకండి. తెలంగాణ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు, ఆల్ప్స్ పైకి లేచి కొన్ని కోట్ల ఏళ్లే. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ మొదట ఎక్కడం నేర్చుకున్నది కూడా భువనగిరి బండ మీదే. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకి ఇంకా 14 నిండలేదు.

మనకి చలి కాదు, ఎండ

ఆల్ప్స్ రివ్యూల్లో చలికి బ్యాటరీ పడిపోవడం గురించి పేజీలు రాస్తారు. మన బండ మీద మార్చి దాటితే కథ రివర్స్. ఐఫోన్ వాడాల్సిన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీలు అని ఆపిల్ స్వయంగా చెప్తుంది, మన ఎండాకాలం మధ్యాహ్నం దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. ముందు స్క్రీన్ వెలుగు తగ్గుతుంది, తర్వాత చార్జింగ్ ఆగుతుంది, చివరికి మ్యాప్ కావాల్సిన టైంకి ఫోన్ చల్లారేదాకా ఆగమంటుంది. ఎండలో పవర్ బ్యాంక్ పెట్టి చార్జ్ చేస్తూ నావిగేషన్ నడపడం ఈ మూడింటినీ పిలిచి మరీ తెచ్చుకోవడం. ఊరు దాటేముందే ఫుల్ చేసుకోండి, తడి తువ్వాలు సంచిలో ఉంచండి, ఫోన్ నీడలో ఉంచండి. బైక్ హ్యాండిల్ మౌంట్ కూడా ఆలోచించి వాడాలి. ఇంజిన్ వైబ్రేషన్‌కి కెమెరా స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది.

బ్యాక్‌వాటర్ పచ్చికలో కృష్ణజింకలు కనిపిస్తాయి, చలికాలం వలస పక్షులు వస్తాయి. ఫోన్ జూమ్‌తో వాటిని పట్టుకోవాలంటే 5ఎక్స్ కూడా సుమారు 120 ఎంఎం లెన్స్ మాత్రమే, దూరపు జింక నాలుగు పిక్సెళ్ల మచ్చ. 8x42 బైనాక్యులర్ ఐపీస్‌కి ఫోన్ మెయిన్ కెమెరా ఆనించి తీయండి, ఫలితం చూసి ఆశ్చర్యపోతారు. డ్రోన్ మాత్రం వద్దు. కృష్ణజింక 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, తరమడం కూడా ఆ చట్టం దృష్టిలో వేట కిందికే వస్తుంది. రీల్ కోసం మందని పరిగెత్తించే వీడియోలు చూస్తే నాకు చిరాకు.

చివరిగా ఎమర్జెన్సీ. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, ఇటలీల్లో ఐఫోన్ నుంచి శాటిలైట్ ద్వారా సహాయం అడగొచ్చు. ఆ దేశాల లిస్టులో ఇండియా లేదు. విదేశాల నుంచి కజిన్ పంపిన శాటిలైట్ మెసెంజర్ డివైస్ పర్మిషన్ లేకుండా వాడితే ఇక్కడ కేసు అవుతుంది. మనకున్నది 112. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా పక్క కంపెనీ టవర్ అందితే ఆ కాల్ వెళ్తుంది, డేటా అక్కర్లేదు. లైన్‌లో "నీళ్ల దగ్గర, పెద్ద చెట్టు పక్కన" అని చెప్తే ఎవరికీ అర్థం కాదు, అలాంటి చెట్లు ఒడ్డంతా ఉంటాయి. ఆఫ్‌లైన్ మ్యాప్‌లో మీ చుక్క మీద నొక్కి పట్టుకుంటే వచ్చే రెండు అంకెలు చదవడం మీతో వచ్చేవాళ్లందరికీ బయల్దేరే ముందే ఒకసారి చూపించండి, దశాంశం తర్వాత నాలుగు స్థానాలు చదివితే దాదాపు పది మీటర్ల తేడాలో మీరున్న చోటు దొరుకుతుంది.