రక్తకణాలను వరుసలో నిలిపే జడత్వం

పరుగెడుతున్న బస్సు హఠాత్తుగా ఆగితే లోపలివాళ్ళు ముందుకు తూలుతారు. మలుపు తిరిగితే బయటివైపుకు ఒరుగుతారు. దీనికి కారణం జడత్వమని మీరు చదువుకునే ఉంటారు. ఘనపదార్థాలకే కాదు, పారే నీటికి కూడా జడత్వం ఉంది. అది ఒక్కొక్కప్పుడు విచిత్రమైన పని చేస్తుంది. నీటిలో చెల్లాచెదురుగా కొట్టుకుపోయే రేణువులను, ఎవరూ ముట్టుకోకుండానే, వరుసలో నిలబెడుతుంది!

ఈ సంగతిని 1961లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ విజ్ఞాన సంస్థకు చెందిన సెగ్రే, సిల్బర్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సుమారు సెంటీమీటరు వ్యాసం గల గొట్టంలోకి చిన్న చిన్న ప్లాస్టిక్ గోళాలు కలిపిన ద్రవాన్ని వారు పంపారు. గోళాల సాంద్రత, ద్రవం సాంద్రత సమానం. కనుక అవి తేలవు, మునగవు. మొదట గొట్టమంతటా సమంగా పరుచుకున్న గోళాలు, కొంత దూరం పోయేసరికి నడిమి భాగాన్నీ, గోడ పక్కనూ ఖాళీ చేసి ఒక వలయంగా చేరాయి. ఆ వలయం గొట్టం కేంద్రం నుంచి వ్యాసార్ధంలో సుమారు 0.6 వంతు దూరంలో ఉంది.

ఎందుకిలా జరుగుతుంది? గొట్టంలో ద్రవం నడుమ వేగం ఎక్కువ. గోడను ఆనుకున్నచోట సున్న. గోడను సమీపించేకొద్దీ వేగం మరింత త్వరగా పడిపోతుంది. అందువల్ల రేణువుకు రెండు పక్కలా ప్రవాహం ఒకే తీరుగా ఉండదు. ఈ తేడా నుంచి పుట్టిన బలం రేణువును గోడవైపు నెడుతుంది. గోడ దగ్గరపడగానే మరో బలం ఎదురవుతుంది. రేణువుకూ గోడకూ మధ్యనున్న ఇరుకులో పీడనం పెరిగి, రేణువును వెనక్కు నెడుతుంది. రెండు బలాలూ సరితూగినచోట రేణువు తన దారి ఏర్పరచుకుంటుంది.

అయితే ద్రవంలో జడత్వానికి ఒక ప్రత్యర్థి ఉంది. అదే స్నిగ్ధత. ఆముదం మెల్లగా కారడానికి కారణం ఇదే. గొట్టం సన్నబడేకొద్దీ స్నిగ్ధతదే పైచేయి అవుతుంది. అందుచేత తలవెంట్రుకంత సన్నని కాలువల్లో జడత్వాన్ని లెక్కించనక్కరలేదని చాలామంది భావించేవారు. కాని ప్రవాహాన్ని తగినంత వేగంగా నడిపితే అక్కడా జడత్వం పనిచేస్తుందని 2007లో అమెరికాలో డి కార్లో, టోనర్, వారి సహచరులు చూపించారు. చతురస్రాకారపు కాలువలో రేణువులు నాలుగు గోడలకు ఎదురుగా నాలుగు వరుసలు కట్టాయి. వంకరటింకర కాలువలోనైతే ఒకే వరుసకు చేరాయి! మలుపులో నడిమి ద్రవం, బస్సులోని ప్రయాణికుల్లాగే, బయటివైపుకు పోతుంది. గోడల వెంట తిరిగి లోపలికి వస్తుంది. ఈ సుడుల సాయంతోనే వరుసలు తగ్గుతాయి.

దీనివల్ల ప్రయోజనమేమిటి? క్యాన్సర్ గడ్డ నుంచి విడిపోయిన కణాలు రక్తంలో ప్రయాణించి మరో అవయవంలో నాటుకోవచ్చు. వాటిని పట్టుకుని పరీక్షిస్తే వ్యాధి తీరు తెలుస్తుంది. కాని ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు 500 కోట్ల ఎర్రకణాలుంటాయి. క్యాన్సర్ కణాలో, వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని!

2013లో మాసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు ఇందుకొక పరికరాన్ని ప్రకటించారు. రక్తంలోని తెల్లకణాలకు ముందుగా అతిసూక్ష్మమైన అయస్కాంత పూసలు అంటిస్తారు. పరికరం మొదట చిన్నవైన ఎర్రకణాలను వేరుచేస్తుంది. మిగిలిన కణాలు వంకర కాలువలోకి పోతాయి. అక్కడ జడత్వం వాటిని ఒక్క వరుసగా నిలుపుతుంది. అప్పుడు అయస్కాంతం తెల్లకణాలను పక్కకు లాగేస్తుంది. క్యాన్సర్ కణాలు తమ దారిన పోయి వేరుగా చేరతాయి. కణాలు గుంపుగా పోతూ ఒకదానికొకటి అడ్డుపడితే ఇంత చక్కగా విడదీయడం కష్టం.

సెగ్రే, సిల్బర్‌బర్గ్‌లు క్యాన్సర్ కణాలకోసం వెదకలేదు. గొట్టంలో గోళాలు ఎక్కడికి చేరతాయో శ్రద్ధగా చూసి, కొలిచి, రాసి పెట్టారు. 52 ఏళ్ళ తరువాత ఆ కొలత రోగుల రక్తపరీక్షకు పనికివచ్చింది.