ప్రోపొలిస్: చెట్టును బట్టి సరుకు

తేనె, మైనం వ్యాపారులకు చిరపరిచితమైన సరుకులు. అదే తేనెపెట్టె నుండి లభించే మరొక సరుకు ప్రోపొలిస్. తేనెటీగలు చెట్ల మొగ్గలపై, బెరడు గాయాలపై ఊరే జిగురును దవడలతో గీకి, వెనుక కాళ్లకు అంటించుకొని తెచ్చి, మైనం కలిపి పెట్టెలోని సందులు పూడుస్తాయి. లోపల చచ్చిన చిట్టెలుకను ఈడ్చివేయలేనప్పుడు దానిపై ఈ జిగురునే పూసి కుళ్లకుండా చేస్తాయి. కొనుగోలుదారులు డబ్బిచ్చేది బూజును, సూక్ష్మజీవులను అరికట్టే ఈ గుణానికే.

సామాన్యంగా ఇందులో నూటికి 50 పాళ్లు చెట్టు జిగురు, 30 పాళ్లు మైనం, 10 పాళ్లు సుగంధ తైలాలు, 5 పాళ్లు పుప్పొడి ఉంటాయి. తపసి బంక వలె ఇది నీటిలో ఉబ్బదు. లక్క వలె స్పిరిట్‌లో కరుగుతుంది. మైనం, చెత్త కరగక అడుగున మిగులుతాయి. కనుక బరువు కంటె స్పిరిట్‌లో కరిగే పాలు ఎంత అన్నదే ముఖ్యం. చలికి పెళుసుబారి, వేడికి మెత్తబడి ముద్ద కావడం దీని నైజం.

పేరు ఒకటే అయినా సరుకు ఒకటి కాదు. ఐరోపా, చైనా సరుకు ఎక్కువగా పాప్లార్ చెట్ల మొగ్గల జిగురు. పినోసెంబ్రిన్, గలాంగిన్, క్రైసిన్ అనే ఫ్లేవనాయిడ్లు, కెఫీక్ ఆమ్లపు ఎస్టర్లు దీని సారం. బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ ప్రాంతపు ఆకుపచ్చ రకం బకారిస్ అనే పొద లేత చిగుళ్ల నుండి వస్తుంది. ఆర్టెపిల్లిన్-సి దాని గుర్తు. 1985లో జపాన్‌లోని నగోయాలో జరిగిన అంతర్జాతీయ తేనెటీగల పెంపకం మహాసభ తరువాత ఆ దేశంలో ప్రోపొలిస్‌కు గిరాకీ పెరిగింది. బ్రెజిల్ ఆకుపచ్చ సరుకుకు జపాన్ ముఖ్యమైన బజారైంది. బ్రెజిల్ ఈశాన్య తీరంలోని ఎర్ర రకం డాల్బెర్జియా జాతి మొక్కది. అందులో ఐసోఫ్లేవనాయిడ్లు ఉంటాయి.

విశేషమేమంటే రసాయనాలు వేరైనా పని ఒకటే. వేర్వేరు దేశాల నమూనాలపై బల్గేరియా శాస్త్రజ్ఞులు 1999లో ప్రచురించిన పరిశీలనలో అన్నీ శిలీంధ్రాలను అరికట్టినట్లు తేలింది. నోటిపూతకు కారణమయ్యే కాండిడా అల్బికాన్స్‌పై పాప్లార్ రకంలో పినోసెంబ్రిన్, గలాంగిన్, కెఫీక్ ఎస్టర్లు పనిచేస్తాయి. ఇతర రకాలలో ఆ పని వేరే పదార్థాలది. అందుచేత పాప్లార్ సరుకుకు వాడే కొలబద్దతో బ్రెజిల్ సరుకును తూచడం పొరపాటు. అయితే ప్రయోగశాల పళ్లెంలో కనిపించిన ఫలితం మందుగా రుజువైనట్లు కాదు. కెఫీక్ ఎస్టర్ల వలన కొందరికి చర్మంపై దద్దుర్లు రావడం కూడా ఉన్నది.

కల్తీ విషయం గమనించదగినది. పాప్లార్ మొగ్గలను నేరుగా ఉడికించి తీసిన బంకను ప్రోపొలిస్‌గా అమ్మడం చైనాలో బయటపడింది. రంగు, వాసన, ఫ్లేవనాయిడ్లు రెంటిలోను దాదాపు ఒకటే. తేడా పట్టించేది సాలిసిన్ అనే పదార్థం. తేనెటీగ నోటిలోని ఎంజైము జిగురులోని ఇటువంటి పదార్థాలను విడగొడుతుంది కనుక అసలు సరుకులో సాలిసిన్ కనిపించదు. ఉడికించిన బంకలో ఉంటుంది. రంగు వేసిన పెట్టెల నుండి గీకిన సరుకులో సీసం చేరే ప్రమాదం ఉన్నది. ప్లాస్టిక్ జాలీపై సేకరించినది శుభ్రమైనది.

మన పుట్ట తేనెటీగలు, కొండ తేనెటీగలు ఈ జిగురును పెద్దగా సేకరించవు. కనుక అడవి తేనెతో పాటు ఇదీ వస్తుందని ఆశించరాదు. 1960లలో మన దేశంలో నిలదొక్కుకొన్న ఐరోపా జాతి ఈగల పెట్టెలే దీనికి ఆధారం. బేరానికి ముందు ఏ మొక్క, ఏ ప్రాంతం, స్పిరిట్‌లో కరిగే పాలెంత, సాలిసిన్, సీసం పరీక్షలు జరిగాయా అన్నవి నమూనాతో పాటు వ్రాతపూర్వకంగా తీసుకొనడం ఉభయులకు క్షేమం.