గగనమార్గాన తొంభై కిలోమీటర్లు

హిమాచల్ ప్రదేశ్ పటం మీద సిమ్లా సమీపంలోని జుబ్బర్‌హట్టి విమానాశ్రయానికీ, కులూ లోయలోని భుంతర్ విమానాశ్రయానికీ నడుమ సరళరేఖ గీసి కొలిస్తే 90 కిలోమీటర్లకు లోపే వస్తుంది. బిలాస్‌పూర్, మండీల మీదుగా రోడ్డు ప్రయాణం సుమారు 200 కిలోమీటర్లు. కొండదారి కనుక ఆరేడు గంటలు పడుతుంది. గంటకు 500 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల ఏటీఆర్ విమానానికి ఈ 90 కిలోమీటర్లు లెక్కప్రకారం పదకొండు నిమిషాల పని.

అయితే ఏ టైంటేబుల్‌లోనూ పదకొండు నిమిషాలని వ్రాయరు. చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మెలు తీసినది మొదలు, గమ్యంలో తిరిగి పెట్టే వరకు గడిచినదంతా ప్రయాణ కాలమే. పైగా సట్లెజ్, బియాస్ నదుల మధ్య మూడువేల మీటర్లు దాటిన శిఖరాలున్నాయి. విమానం ముందు ఆ ఎత్తుకెక్కాలి, తరువాత ఇరుకైన లోయలోనికి మలుపులు తిరుగుతూ దిగాలి. భుంతర్‌లో పైలట్ తన కళ్ళతో లోయను చూస్తూ దిగవలసిందే. మబ్బు క్రిందికి వచ్చిందంటే వెనుదిరగడమే మార్గం.

అసలు చిక్కు రన్‌వే వద్ద ఉంది. కొండ శిఖరాన్ని చదును చేసి కట్టిన జుబ్బర్‌హట్టి రన్‌వే సుమారు 1,230 మీటర్లు. భుంతర్‌ది అంతకన్నా తక్కువ. జుబ్బర్‌హట్టి సముద్రమట్టానికి 1,546 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో 25 డిగ్రీల ఉష్ణోగ్రత ఉన్ననాడు గాలి ఇంకా పలచబడి, విమానానికి అది 2,280 మీటర్ల ఎత్తుతో సమానమవుతుంది. సముద్రతీరంలోని ప్రామాణిక సాంద్రతలో అక్కడ మిగిలేది ఎనభై శాతమే. రెక్కలు అదే బరువును ఎత్తాలంటే దాదాపు పన్నెండు శాతం అధిక వేగం కావాలి. వేగం పెరిగిన కొద్దీ పరుగు దాని వర్గానుపాతంలో పెరుగుతుంది. రన్‌వే మాత్రం పెరగదు. అందుచేత బరువే తగ్గించాలి.

సీట్లు ఖాళీగా కనిపిస్తున్నా టిక్కెట్లు లేవంటారేమిటని కౌంటర్ దగ్గర కోపగించుకునేవారికి సమాధానం ఇదే. ఆ ఖాళీ సీట్లు విమానం గాలిలోనికి లేవడానికి మనం చెల్లించే మూల్యం. ఉదయం చల్లగా ఉన్నప్పుడే ఈ విమానాలను నడపడంలోని ఆంతర్యం కూడా అదే.

2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం క్రింద సిమ్లా–ఢిల్లీ విమానంతో పాటు మన కడప–హైదరాబాద్ విమానానికీ ప్రధానమంత్రి జెండా ఊపారు. కడప నేల పల్లమే కనుక అక్కడ పేచీ ఎండతో మాత్రమే. సిమ్లాకు ఎత్తు, పొట్టి రన్‌వే రెండూ కలిశాయి.

పార్వతీ లోయలోని జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో మన తెలుగు ఇంజనీరెవరైనా పనిచేస్తూ ఉంటే, ఇంటి నుండి అత్యవసర కబురు రాగానే ముందుగా భుంతర్ విమానమే మనసులో మెదులుతుంది. రోడ్డు తెగితే విమానముందిలే అనుకోవడం సహజం. ఇంజనీర్లకు తెలిసిన సూత్రమొకటి ఇక్కడ మరువరాదు: ఒకే కారణానికి రెండూ చెడిపోయేటట్లయితే రెండవది ప్రత్యామ్నాయం కానేకాదు. కొండచరియలను విరిచిపడేసే వానమబ్బే లోయను కప్పి విమానాన్నీ ఆపుతుంది. 2023 జులైలో బియాస్ వరద మండీ–కులూ రహదారిని పలుచోట్ల కోసివేసింది. వానాకాలంలో శస్త్రచికిత్సకో, పెళ్ళికో బయలుదేరవలసిన వారు విమానం టిక్కెట్టు చేతిలో ఉన్నా సరే, రెండు రోజుల సెలవు అదనంగా పెట్టుకుని ముందుగానే లోయ దిగడం మేలు.